డయల్ మీద టేపు

"ఏమప్పా, నీ భుజం నా ఫోటోలో పడతాండాది. కొంచెం జరుగు."

అన్నది స్తుతి. భుజం మాత్రం జరగలేదు.

కర్నూలులో పాస్టర్ దావీదురాజుగారి ఇంటి ముందు షామియానా వేసి, ఆయన కూతురికి ప్రధానం చేస్తున్నారు. ఆడపెళ్ళివారు ఒక ఫోటోగ్రాఫర్‌నూ, మగపెళ్ళివారు ఇంకొక ఫోటోగ్రాఫర్‌నూ పెట్టుకోవడం మామూలే. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే ఉంగరం తొడిగేది ఒకే వేలికి, అది బాగా కనపడే చోటు కూడా ఒకటే. ఆ చోటును కడప నుంచి మగపెళ్ళివారితో వచ్చిన అబ్బాయి ముందే ఆక్రమించుకున్నాడు.

"ఉంగరం తొడిగేది మావోడు మేడం. చోటు కూడా మాకే రావాల," అంటూ అతను వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు తర్వాతి మాట మరిచిపోయాడు. ఆడపెళ్ళివారి ఫోటోగ్రాఫర్ అంటే మీసాలున్న మనిషిని ఊహించుకున్నాడు కాబోలు. నిమ్మపండు రంగు చుడీదారులో, జడ ముడివేసుకుని, మెడలో బరువైన డిజిటల్ కెమెరాతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక అడుగు పక్కకు జరిగాడు. జరిగాక ఎందుకు జరిగానా అని తానే ఆశ్చర్యపోయాడు.

అతని పేరు శామ్. పేరు స్తుతి అడగలేదు, అతనే చెప్పాడు.

జూన్ నెల. మబ్బులు రావడం, మొహం చూపించడం, వాన మాట ఎత్తకుండానే వెళ్ళిపోవడం. షామియానా పక్కన ఒక నిమిషం కళ్ళు చెదిరే ఎండ, మరు నిమిషం నీడ. వెలుగు మారినప్పుడల్లా స్తుతి కెమెరా చక్రం తిప్పి లెక్క సరిచేసుకుంటోంది. శామ్ మాత్రం హాయిగా నొక్కుకుంటూ పోతున్నాడు. మధ్యలో అతని చూపు ఆమె కెమెరా మీద పడింది. మోడ్‌లు మార్చే డయల్ కదలకుండా, ఎం అక్షరం దగ్గర సెల్లో టేపు అంటించి ఉంది.

"అదేంది, కెమెరాకు దెబ్బ తగిలిందా?"

"మాన్యువల్‌లోంచి కదలకూడదని మా నాయన వేసినాడు."

"నాది 'ఏ' అక్షరం మోడ్. ఎపర్చర్ ఎంత తెరవాల్నో నేను పెట్టుకుంటా, స్పీడు అది చూసుకుంటాది. నాకు మనుషుల మొహాలు చూసే తీరిక దొరుకుతాది," అన్నాడు. అంటూ ఆమె మొహమే చూశాడు.

స్తుతి బదులు చెప్పబోయేంతలో ప్రార్థన ముగిసింది. పెళ్ళికొడుకు ఉంగరం తీశాడు. సరిగ్గా అప్పుడే మబ్బు తప్పుకుంది. స్తుతి నీడ లెక్క మీదే నొక్కింది. తెరలో చూసుకుంటే వేలు లేదు, ఉంగరం లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పక్కనున్న తెరలో ఉంగరం మీద రాయి కూడా మెరుస్తోంది.

శామ్ అది చూశాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే స్తుతికి అతని మీద కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది.

రెండు రోజులకు కడప బస్సు డ్రైవరు ఒక కవరు తెచ్చి స్తుతి వాళ్ళ స్టూడియోలో ఇచ్చాడు. అందులో ఒక సీడీ, దానిమీద స్కెచ్ పెన్నుతో 'అమ్మాయి తరఫు' అని రాసి ఉంది. ఉంగరం ఫోటో. పాస్టర్‌గారి దగ్గర శామ్ ఆమె సెల్ నంబరు తీసుకున్నట్టున్నాడు, ఆ సాయంత్రం ఫోన్‌కు ఒక మిస్డ్ కాల్ కూడా వచ్చింది. స్తుతి థ్యాంక్స్ అని మెసేజ్ పెట్టింది. 'టేపు తీయండి' అని బదులొచ్చింది. 'తీయను' అని ఆమె పెట్టింది. ఆ తీయండి, తీయను ఆ తర్వాత రోజూ నడిచింది. ఒకరోజు మెసేజ్ రాకపోతే స్తుతి ఫోన్‌కు సిగ్నల్ ఉందో లేదోనని మిద్దెక్కి చూసుకుంది.

తండ్రి ప్రేమయ్యకు మాత్రం సీడీ చూడగానే అర్థమైపోయింది. "ఇది నువ్వు తీసింది కాదు పాపా," అన్నాడు.

ప్రేమయ్య రీలు కెమెరాల కాలం మనిషి. అరచెయ్యి వెలుతురుకు పట్టి చూసి లెక్క చెప్పేవాడు, వెలుగు కొలిచే మీటరు అవసరం ఉండేది కాదు. పోయిన ఏడాది ఆ చెయ్యే వణకడం మొదలుపెట్టింది. తీసిన ప్రతి ఫోటో మసకగా వస్తుంటే, కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాను కూతురి మెడలో వేసి, తన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. కెమెరా చెప్పిన లెక్క వింటే కన్ను మొద్దుబారుతుందని ఆయన నమ్మకం. టేపు అందుకే.

ఆ రోజు ఆయన గట్టిగా అనలేదు. ఆ జంట పెళ్ళి ఫోటోలు కూడా ఆమే తీయాలనీ, టేపు తీయకుండా తీయాలనీ, బాగా వస్తే స్టూడియో ఆమెదేననీ చెప్పాడు. రాకపోతే షట్టర్ దించేసి ఆమెను బీఈడీలో చేర్పిస్తానన్నాడు. స్తుతికి డిగ్రీ అయిపోయి ఏడాదైంది. క్లాసులో చాక్‌పీసు పట్టుకుని నిలబడిన తనను ఊహించుకోవాలని ఎంత ప్రయత్నించినా, ఊహలో కూడా ఆమె మెడలో కెమెరా వేలాడుతూనే ఉంది.

పెళ్ళి కడపలో, మగపెళ్ళివారి చర్చిలో. ఆడపెళ్ళివారి బస్సులో నంద్యాల దాటి, ఆళ్ళగడ్డ దాటి దిగగానే స్తుతి లెన్సు మూత రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టింది. అది బీఈడీ భయమో, గేటు దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డ మనిషో ఆమె తేల్చుకోదలచుకోలేదు.

"చోటు తమరిదే మేడం. ఈసారి నేనే పక్కకు నిలబడతా," అన్నాడు శామ్.

"ఉంగరం ఫోటో నా మీద జాలిపడి ఇచ్చినావా?"

"ఉత్త జాలికే అయితే మా స్టూడియో ఓనరుతో తిట్లు తింటానా?"

కడప పాస్టర్‌గారు ముందే చెప్పేశారు, ప్రార్థనకూ ప్రమాణాలకూ ఫ్లాష్ వేయకూడదని. పాతకాలపు చర్చి, గోడలు మందం, ఎత్తయిన కిటికీల నుంచి వచ్చే వెలుగే దిక్కు. పెళ్ళికూతురు తెల్లచీర, తెల్ల ముసుగు. పెళ్ళికొడుకు నల్లకోటు. స్తుతి లోపలికి వస్తూనే తండ్రి చేసినట్టు అరచెయ్యి చాపి చూసింది. లెక్క పెట్టుకుంది. ఇక దాన్ని ముట్టుకోలేదు.

మొదటి కీర్తన సగంలో ఉండగా పక్కన నిట్టూర్పు వినిపించింది. శామ్ తన తెర చూసుకుంటూ చెమటలు తుడుచుకుంటున్నాడు. తెల్లచీర బూడిద రంగుకు తిరిగింది. నల్లకోటు వైపు తిప్పితే పెళ్ళికొడుకు మొహం పాలిపోయింది. వెనక కిటికీ ఫోటోలో పడిందంటే ఇద్దరి మొహాలూ బొగ్గే.

ఇప్పుడు నవ్వడం స్తుతి వంతు. నవ్వాలనే అనుకుంది. అతని చెయ్యి డయల్ మీద తడబడడం చూశాక నవ్వు రాలేదు. పాట శబ్దం చాటున అతని చెవి దగ్గరకు వంగింది.

"నీ కెమెరాకు తెల్లచీర కనపడితే ఎండ అనుకుంటాది, నల్లకోటు కనపడితే చీకటి అనుకుంటాది. ఈడ లైటు మారలేదప్పా, గుడ్డలే మారినాయి. ఎంలో పెట్టు. ఎపర్చర్ ఫోర్, స్పీడు సిక్స్టీ, ఐఎస్ఓ ఎయిట్ హండ్రెడ్. పెట్టి ఇంక దాన్ని ముట్టుకోవద్దు."

శామ్ చెప్పింది చెప్పినట్టు చేశాడు. తెరలో తెల్లచీర తెల్లగా వచ్చింది. అతను ఆ తెర వైపు కాక ఆమె వైపు చూస్తూ ఉండిపోయాడు. పాస్టర్‌గారు "మీకు సమ్మతమేనా" అని అడుగుతున్నది పెళ్ళికొడుకునని గుర్తు రావడానికి అతనికి కొంత సమయం పట్టింది.

ప్రమాణాలు అయ్యాయి. సంతకాలు అయ్యాయి. ఇక జంట తలుపు దాటి మెట్ల మీదికి రావడమే మిగిలింది. ఆల్బమ్‌కు అదే మొదటి పేజీ. స్తుతి వెనక్కి నడుస్తూ ముందే బయటికి వచ్చి మెట్ల కింద నిలబడింది. శామ్ కూడా వచ్చాడు.

వాసన ముందు వచ్చింది. నెలల తరబడి ఎండిన మట్టి మీద ఎక్కడో దూరాన చినుకు పడిన వాసన. తర్వాత గాలి. మబ్బు కమ్మింది, విడిపోయింది, మళ్ళీ కమ్మింది. జంట తలుపులో కనపడిన క్షణాన ఎండా వానా ఒక్కసారే కురిశాయి.

ఇంకో ఊళ్ళో అయితే జనం లోపలికి పరుగెత్తి ఉండేవారు. ఇక్కడ పట్టుచీరలన్నీ మెట్ల మీదికే వచ్చాయి. ఓబులమ్మ అనే ముసలామె, పెళ్ళికొడుకు అవ్వ, రెండు చేతులూ దోసిలి పట్టి, "వస్తాండాది, వస్తాండాది," అంటూ నడివానలోకి నడిచింది. పెళ్ళికూతురు ముసుగు ఎత్తి ఆకాశంలోకి చూసి పకపకా నవ్వింది. వెలుగు క్షణానికొక తీరుగా ఉంది. స్తుతి చక్రం ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఒక నవ్వు పోయింది. ఇంకొక నవ్వు పోబోతోంది.

ఉంగరం గుర్తుకొచ్చింది. తండ్రి గుర్తుకొచ్చాడు. బొటనవేలి గోరు టేపు అంచు కిందికి పోయింది.

టేపు పీకి మణికట్టుకు అంటించుకుంది. డయల్‌ను శామ్ చెప్పిన 'ఏ' అక్షరం మీదికి తిప్పింది. చున్నీ కెమెరా మీద కప్పుకుని, ఇక లెక్క సంగతి వదిలేసి మొహాలు చూడడం మొదలుపెట్టింది. ఎంత బాగున్నాయో మొహాలు. ఓబులమ్మ దోసిట్లో నీళ్ళు, పెళ్ళికూతురి రెప్పల మీద నీళ్ళు, కోటు విప్పి ఆమె తల మీద పట్టిన పెళ్ళికొడుకు. స్తుతి నొక్కుతూనే ఉంది. తానూ నవ్వుతున్నట్టు ఆమెకు తెలియలేదు. శామ్‌కు తెలిసింది. అతను నొక్కడం మానేసి చాలాసేపైంది.

వాన వెలిశాక శామ్ ఆమె మణికట్టు వైపు చూపించి, "అది నాకియ్యి," అన్నాడు.

"చిన్న టేపు ముక్క ఏం చేసుకుంటావు?"

"ఇయ్యి, చెప్తా."

ఇచ్చింది. అతను చెప్పలేదు. మూడు రోజులకు మెసేజ్‌లు కూడా ఆగిపోయాయి.

కర్నూలులో ప్రేమయ్య కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క ఫోటో చూశాడు. చర్చి లోపలివి చూసి తల ఊపాడు. మెట్ల మీది వాన దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. డయల్ మీద మిగిలిన జిగురు మరకను వేలితో తడిమాడు.

"తీసేసినా నాయనా," అంది స్తుతి. "ఫోటో పోతాంటే చూస్తా నిలబడలేకపోయినా."

ప్రేమయ్య చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. మాట్లాడింది తల్లి కృపమణి. "నేను బియ్యం కొలిచి, నీళ్ళు కొలిచి కుక్కర్‌లో పెడతా. విజిల్ అది వేసుకుంటాది. ఆ అన్నం నేను వండినట్టు కాదా? నువ్వు తింటాండేది ఎవరి వంట?"

ఆయన కంప్యూటర్ ఆపి లేచాడు. ఆలోచిస్తానన్నాడు. వారం గడిచింది. బీఈడీ అప్లికేషన్ల తేదీ దగ్గరపడింది. ఫోన్ మోగలేదు. స్తుతి మిద్దెక్కి సిగ్నల్ చూడడం కూడా మానేసింది.

ఆ శనివారం స్టూడియో ముందు శామ్ దిగాడు. ప్రేమయ్యకు నమస్కారం పెట్టి, కెమెరా తీసి కౌంటర్ మీద పెట్టాడు. దాని డయల్ మీద, ఎం దగ్గర, అంచులు మురికిపట్టిన టేపు ముక్క.

"అంకుల్, నా కెమెరా చెడిపోయింది. మీరే చూడాల."

"ఏమైందప్పా?"

"చర్చిలో మీ పాప ఒక లెక్క చెప్పింది. ముట్టుకోవద్దనింది. నేను ముట్టుకోలే. ఆయమ్మ టేపే అంటించినా. అప్పటినుంచి మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ లెక్కతోనే తీస్తాండా. పొరుమామిళ్ళలో పుట్టినరోజు తెల్లగా పడింది. రాయచోటిలో షాపు ఓపెనింగు తెల్లగా పడింది. మా ఓనరు నా ఫోన్ కూడా గుంజుకున్నాడు."

"తిప్పుకోవచ్చు గదా?"

"తిప్పబుద్ధి కాలా అంకుల్."

కృపమణి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్తుతి మొహంలో వెలుగు ఏ మోడ్‌కూ అందనంతగా పెరిగింది. ప్రేమయ్య టేపు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, అబ్బాయి వైపు చూశాడు. తర్వాత, ఏడాదిగా ఎవరూ ఎరగనట్టు, పెద్దగా నవ్వాడు. నవ్వుతూ చేతులు బయటికి తీశాడు. అవి వణుకుతున్నాయి.

శామ్ ఆ చేతులు చూశాడు. టేపు జాగ్రత్తగా ఒలిచి జేబులో వేసుకుని, డయల్‌ను ఎస్ అక్షరం మీదికి తిప్పాడు. చక్రం తిప్పి స్పీడు వెయ్యి దగ్గర ఆపాడు.

"ఇది కూడా సగం మన చేతిలోదే అంకుల్. స్పీడు మనం పెడతాం, మిగతాది అది చూసుకుంటాది. ఇంత స్పీడులో చెయ్యి వణికినా ఫోటో వణకదు. బయటికి రండి, ఎండ బాగుండాది."

ప్రేమయ్య కెమెరా అందుకున్నాడు. ఆయన ఎన్నడూ ఆ అక్షరం దాకా డయల్ తిప్పలేదు. టేపు వేసింది ఆయనే మరి.

వీధిలోకి వచ్చి, స్టూడియో బోర్డు కింద ఇద్దరినీ నిలబడమన్నాడు. స్తుతి ఒక మూల, శామ్ ఒక మూల నిలబడ్డారు.

"ఇదేం నిలబడ్డం? నువ్వు అమ్మాయి తరఫు, వాడు అబ్బాయి తరఫు, ఇద్దరూ మొన్న ప్రధానంలో చోటు కోసం కొట్లాడినోళ్ళు. ఇప్పుడు మధ్యలో ఇంత చోటుంటే ఎవరూ రారా?"

ఇద్దరూ జరిగారు. ప్రేమయ్య కన్ను కెమెరాకు ఆనించాడు. చెయ్యి వణికింది. నొక్కాడు.

తెరలో బోర్డు మీద అక్షరాలు కూడా పదునుగా ఉన్నాయి. ఆయన ఆ తెరను భార్యకు చూపించాడు, పక్క కొట్టాయనకు చూపించాడు, మళ్ళీ తానే చూసుకున్నాడు. అప్పుడు కూతురితో మెల్లగా, బీఈడీ అప్లికేషన్ ఇక అక్కర్లేదని చెప్పాడు. షట్టర్ దించేది లేదన్నాడు.

"మీ ప్రధానానికి రెండు తరఫులకూ నేనే తీస్తా," అన్నాడు. "వేరేవాణ్ణి ఎవర్నన్నా పిలిచినారంటే చూడండి."

"ఇంకొకటి తీయండి మామా," అన్నాడు శామ్. "ఇందాక నేను కెమెరా దిక్కు చూడలే."

యాడ చూస్తాండావో నాకు కనపడింది లే అని ప్రేమయ్య మళ్ళీ కెమెరా ఎత్తాడు.