ఆరో యాత్రలో పెట్టె మూత

జలాశయం నడిమధ్యలో చంద్రకళ పటం విప్పేసరికి, దాని మడతలోంచి ఇంకో పటం జారి ఒళ్ళో పడింది. పసుపు తిరిగిన కాగితం మీద నల్లమల కొండలు, ఒక గుహ, అందులో నిలువు రాయి, దాని కింద పెట్టె బొమ్మ. గుహ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. అచ్చేసినట్టు గుండ్రంగా, లెక్కల మాస్టారి చేతిగీత. అంటే మొగుడిదే.

"ఇదేంది?"

చుక్కాని పట్టుకున్న ఓబులేసు ఆకాశం చూశాడు. "గాలి బాగుందే ఈ పొద్దు."

"గాలి సంగతి నేను చూసుకుంటా. దీని సంగతి చెప్పండి."

పాత కాగితాల అంగట్లో దొరికిందట, ఏడాది కిందట. చంద్రకళకు ఒళ్ళు మండింది. 'మనిద్దరం కలిసి తెరచాప పడవ నేర్చుకుందాం' అని ఈయన అన్నదీ ఏడాది కిందటే. పెళ్ళయిన ముప్పై ఏళ్ళకు తనతో కాలం గడపాలనిపించింది కాబోలని ఆమె పొంగిపోయింది. తాళ్ళకు అరచేతులు ఒరుసుకుపోయినా తెరచాప వదల్లేదు. వంటింటి బల్ల మీద పటం పరిచి ఆరు యాత్రలు గీసింది. ఆరోది, ఈ రోజుది, జలపాతానికి.

"మోటారు పడవలో పోకపోయినారా?"

"మోటారోడు ఊరంతా చెప్తాడు."

"నేనైతే చెప్పను. అంతేగా?"

అంతేనన్నట్టు ఓబులేసు తలూపాడు. చంద్రకళ పులిహోర డబ్బా తన వెనక్కి జరుపుకుంది. ఓబులేసు చుక్కానిని గుహ వైపు తిప్పాడు.

అడవి కప్పిన కొండ నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగిన చోట గుహ నోరు తెరుచుకుని ఉంది. పడవను బండకు కట్టి, టార్చి వెలుగులో లోపలికి నడిచారు. గబ్బిలాలు గుంపుగా లేచి తలల మీదుగా దూసుకుపోయాయి. నిలువు రాయి ఉంది. దాని మొదట్లో పరుపంత బండ.

గునపం తేవడం మరిచిన ఓబులేసు పడవ దగ్గరికి పరుగెత్తి, దాని నడుమ చీలికలోంచి నిలువు పలకను ఊడబెరికి తెచ్చాడు. చంద్రకళ "ఆగండి" అనేలోపే దాన్ని బండ కిందికి దూర్చి వేలాడాడు. బండ లేచింది. పలక ఫెళ్ళున రెండు ముక్కలైంది. ఆ పలక నీళ్ళలో నిలబడితేనే పడవ ముందుకు పోతుంది. లేకుంటే ఎండ్రకాయలా పక్కకు జారుతుంది.

"చంద్రా, బంగారమే." గుంటలోని చిన్న పెట్టె మీది మందపాటి చెక్క మూతను లాగేసి ఓబులేసు కేకేశాడు.

"చూశాను. పలక కూడా చూశాను."

ఇంతలో ఎగువ వానలకు వచ్చిన వరద నీరు గుహ గడప దాటింది. బయట మబ్బు కమ్ముకుని గాలి ఊళ పెడుతోంది. చంద్రకళ పెట్టె మూతను చంకన పెట్టుకుని, పడవెక్కి చుక్కాని దగ్గర కూర్చుంది. అక్కడ ఎవరు కూర్చోవాలని ఆమె అడగలేదు. ఓబులేసు పెట్టెతో ఎక్కాడు.

తెరచాప నిండగానే పడవ పక్కకు జారి, రాళ్ళ గుట్ట వైపు పోసాగింది.

"మూతను ఆ పక్కన నీళ్ళలోకి నిలువుగా దించండి. రెండు చేతులా పట్టుకోండి."

దించాడు. జారుడు ఆగింది. పడవ ఒరిగి పరుగందుకుంది. ఆ ఒరుగుకు పెట్టె కూడా జారి ఓబులేసు కాళ్ళ దగ్గర ఆగింది. ఆ బరువుకు అటు అంచు మునిగి నీళ్ళు లోపలికి ఉరికాయి.

"తన్నండి దాన్ని."

"లక్ష్మీదేవిని కాలితో తన్నమంటావా?"

"అయితే చేతులతో తొయ్యండి. మూత పోతుంది, రాళ్ళ మీదికి పోతాం. మీ ఇష్టం, లెక్కల మాస్టారు కదా."

ఓబులేసు కళ్ళు మూసుకుని తన్నాడు. పెట్టె బుడుంగున మునిగింది. పడవ నిటారుగా లేచి, రాళ్ళను మూరెడు దూరంలో దాటింది.

రెండు గంటల తరువాత రేవు చేరారు. ఓబులేసు బిగుసుకుపోయిన వేళ్ళను మూత మీంచి విడదీసుకుని, గట్టు మీద జలాశయం వైపు నిలబడి, లక్ష్మీదేవికి చెంపలు వేసుకోబోయాడు.

తెరచాప చుడుతున్న చంద్రకళ తలెత్తింది.

"ఇటు తిరిగి వేసుకోండి."