మీగడ రంగు కారు

మమత కోపంగా వస్తే కంప్రెసర్ కూడా నోరు మూసుకుంటుందని ఖతర్‌లో, బిర్కత్ అల్ అవామిర్‌లోని ఆ గ్యారేజీలో ఒక వాడుక. ఆ రోజు ఆమె టాక్సీ దిగకముందే తిరుమల్ స్ప్రేకు గాలి పంపే కంప్రెసర్ ఆపేశాడు.

"నా రంగు ఖరాబని మా మేనేజర్‌కు ఫోన్ జేసినవా?"

"జేసిన. రా, నీ కండ్లతోనే చూడు."

షెడ్డు మధ్యలో హాట్ రాడ్ నిలబడి ఉంది. తొంభై ఏళ్ల నాటి అమెరికన్ కారుకు పైకప్పు కోసి కిందికి దించి, పెద్ద ఇంజిన్ బిగించారు. 1950లో కుర్రాళ్లు తయారు చేసుకున్నట్టే ఉండాలని, రంగు కూడా అప్పటిదే కావాలని ఖతరీ ఓనరు పట్టు.

పెయింట్ షాపులో రంగులు కలిపి పంపేది మమత, ఈ గ్యారేజీలో స్ప్రే కొట్టేది తిరుమల్. అతను తళతళలాడే ఎర్ర మెటాలిక్ అన్నాడు. "ఆ కాలంల గిసొంటి తళుకులెక్కడియి? పెండ్లి బస్సనుకున్నవా?" అని ఆమె మీగడ రంగు దగ్గర మంకుపట్టు పట్టింది. నెలంతా కొట్టుకున్నారు. చివరికి ఓనరు ఆమె మాటే విన్నాడు.

ఇప్పుడా మీగడ రంగు బానెట్ నడిమధ్యన రూపాయి బిళ్లంత గులాబీ మరక ఉంది.

"మళ్ల కొట్టినా పైకే తేలుతది. శుక్రవారం కార్ల షో. నీ డబ్బాలనే ఎరుపు కలిసింది."

"నీ మాట నమ్మి మా మేనేజర్ నన్ను మిక్సింగ్ కాడికి రావద్దన్నడు! రేపట్నుంచి బిల్లింగ్ కౌంటరంట. రంగులు తప్ప నాకేం వచ్చు తిరుమల్? ముందు నన్నొక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోతుండెనా?"

ఏడుపు వస్తుందేమోనని ఇంకా కోపం తెచ్చుకుని, శాండ్ పేపర్ అందుకుని మరక మీద రుద్దింది. మీగడ పొర పోయింది. కింద, మొదటి పూతగా కొట్టిన బూడిద రంగు ప్రైమర్‌లో గుండ్రంగా ఎరుపు కనిపించింది. డబ్బాది తప్పయితే కారంతా ఎర్రబడాలి. ఇది కిందినుంచి వస్తోంది.

"ప్రైమర్ మీద కుంకుమ పెట్టిందెవరు?"

తిరుమల్ ముఖం పాలిపోయింది.

"నేనే. రంగు కొట్టే ముందు బొట్టు పెట్టిన. థిన్నర్‌తోని తుడిచిన గదా, పోయిందనుకున్న."

"థిన్నర్‌కు కుంకుమ పోతదా? కరిగి లోపటికి ఇంకుతది! ఇన్నేండ్లల్ల ఏ కారుకన్నా బొట్టు పెట్టినవా?"

"పెట్టలే."

"మరి దీనికెందుకు?"

తిరుమల్ ఫోన్ తీసి, ఆమె ముందే వాళ్ల మేనేజర్‌తో మాట్లాడాడు. "సాబ్, మమతా కా కలర్ సహీ హై. గల్తీ మేరీ హై." తప్పు తనదేనని ఒప్పుకున్నందుకు అటువైపు నుంచి వచ్చిన తిట్లన్నీ తలవంచుకుని విన్నాడు. మమతను రేపు మిక్సింగ్‌కే రమ్మన్నారు.

"నేనడిగింది గది కాదు. దీనికెందుకు?"

"నువ్వు ఎంచిన రంగు, నేను కొట్టే స్ప్రే. గిట్ల మనిద్దరం కలిసి చేసే మొదటి పని. మంచిగుండాలని మొక్కుకొని పెట్టిన." అతను కారు వైపు చూస్తూ అన్నాడు. "కారొక్కటే కాదు. మనం గూడ."

మమత బుగ్గలకు ఆ మరక రంగే వచ్చింది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

"గంత మొక్కినోనివి నన్నెట్ల అనుమానించినవ్?"

"నా ఎరుపును కాదన్నవని మండింది."

"ఇంకా మండాలె నీకు!" శాండ్ పేపర్ రెండు ముక్కలు చింపి, ఒకటి అతని ఛాతీకేసి కొట్టింది. "రేకు దాకా గీకు. కొత్త ప్రైమర్ కొట్టు. రంగు నేనే కలుపుతా."

చెరోవైపు నిలబడి రుద్దసాగారు. కాసేపటికి తిరుమల్ రుద్దడం ఆపాడు.

"మమతా, ఇంకో బొట్టు..."

"మళ్ల కారుకు పెట్టినవంటే చేతులిరగ్గొడత!" ఆమె తల ఎత్తలేదు. "ఐన్ ఖాలిద్‌ల మా ఇంటికొచ్చి మా అన్నను అడుగు. పెట్టాల్సిన కాడ పెట్టు."