విజిల్ వేసినా ఎక్కలేదు

టెక్సాస్‌లో ఆ చిన్న ఊరికి నడిమధ్యన రైలు పట్టాలు. ఇటు కొత్త కాలనీ, అందులో తెల్లవాళ్ళూ మనవాళ్ళూ. అటు పాత ఇళ్ళు, నల్లవాళ్ళు. ఎవరూ గీత గీయలేదనే అంటారు. దానంతటదే వచ్చిందట, నమ్మాలి మరి!

పదేళ్ళ స్మృతికి ఆ గీతా గాతా ఏమీ పట్టదు. దాని ప్రాణమంతా పట్టాలవతల ఉండే ఇమానీ మీదే. క్లాసులో పక్కపక్క సీట్లు. లంచ్‌లో స్మృతి పులిహోర ఇమానీకి, ఇమానీ వాళ్ళ మామ్మ చేసిన కార్న్‌బ్రెడ్ స్మృతికి.

పోయిన శనివారం స్మృతి ఇమానీని కాలనీ స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్ళింది. అది నీళ్ళలో కాలు పెట్టిందో లేదో, ఎక్కడో విజిల్ మోగింది. విజిల్ వేసి పైకి రమ్మనే లైఫ్‌గార్డ్ అక్కడ ఎవరూ లేరు. అయినా పిల్లలంతా బిలబిలా గట్టెక్కేశారు. వీళ్ళిద్దరూ కూడా. ఆ సాయంత్రమే కాలనీ గ్రూప్‌లో మెసేజ్: బయటి పిల్లల్ని తేవద్దు.

"మనకెందుకే ఈ గొడవ? వేరే ఫ్రెండ్సే లేరా నీకు?" అంది వాళ్ళమ్మ పద్మజ.

"లేరు," అంది స్మృతి మొండిగా.

ఇమానీ ఇంక పట్టాలు దాటనంది. వాళ్ళ మామ్మ చెప్పిందట... అరవై ఏళ్ళ కిందట సరిగ్గా ఈ కాలనీ పూల్ ఉన్నచోటే ఊరి పూల్ ఉండేది. నల్లపిల్లల్ని కూడా దిగనివ్వాలని కోర్టు చెప్తే, అది ఇష్టంలేక అప్పటి తెల్లవాళ్ళు లారీలతో మట్టి తోలి పూడ్చేశారట. ఎంత కచ్చ చూడండి! కాలనీవాళ్ళు మళ్ళీ అక్కడే తవ్వారు.

"ఒక్కసారి రావే. ఈసారి ఎవరు విజిల్ వేసినా ఎక్కొద్దు," అని బతిమాలింది స్మృతి. ఇప్పుడు రాకపోతే ఇమానీ ఇంకెప్పటికీ రాదని దాని భయం.

వచ్చింది. ఎండ చుర్రుమంటున్న నాలుగింటికి, ఇద్దరూ చేతులు పట్టుకుని నడుంలోతు నీళ్ళలో దిగారు.

విజిల్.

మిగతా పిల్లలంతా గట్టెక్కేశారు. క్లోరిన్ వాసన పోయింది. తడిమట్టి వాసన... నీళ్ళు బరువెక్కాయి. అరికాళ్ళ కింద పూల్ పలకలు లేవు. మెత్తగా ఏదో... మట్టి. పైకి వస్తోంది. పిక్కల దాకా... మోకాళ్ళ దాకా...

"నువ్వెళ్ళిపో. నాకోసమే ఊదుతున్నారు," గుసగుసగా అంది ఇమానీ.

"నోర్ముయ్. ఎక్కితే ఇద్దరం ఎక్కుదాం."

విజిల్ దగ్గరకొచ్చింది. చెవి పక్కనే...

కూతుర్ని ఇంటికి లాక్కెళ్దామని వచ్చిన పద్మజ, పిల్లల చుట్టూ పైకొస్తున్న మట్టి చూసి గట్టు మీదే ఆగిపోయింది. ఒక్క క్షణమే. చుడీదార్‌తో, చెప్పులతో అలాగే దబ్బున దిగేసింది. ఈత కూడా రాదు మహాతల్లికి! నీళ్ళు తోసుకుంటూ వెళ్ళి ఇమానీ రెండో చెయ్యి పట్టుకుంది.

"ఎవడ్రా నువ్వు? ఊదు, ఎంతసేపు ఊదుతావో ఊదు! మా పిల్లలు ఎక్కరు!" అని అచ్చ తెలుగులో అరిచింది.

విజిల్ సగంలో ఆగిపోయింది. కాళ్ళ కింద మళ్ళీ నున్నటి పలకలు తగిలాయి.

పొద్దుగూకేదాకా ముగ్గురూ పంతానికి నీళ్ళలోనే ఉన్నారు. గట్టెక్కాక చూస్తే, గచ్చంతా మట్టి అంటిన చిన్న చిన్న పాదాల అచ్చులు. డజన్ల కొద్దీ. అప్పట్లో దిగనివ్వని పిల్లలవో ఏమో. అన్నీ పట్టాలవైపు నుంచి వచ్చి నీళ్ళలోకి దిగినవే.

తిరిగి ఎక్కినవి... ఒక్కటీ లేవు.