పదిహేనో నడక

తొమ్మిదో నీడ బౌండరీ తాడు దాటి, క్రీజు గీత దాకా నడిచి వెళ్లింది. వరహాలమ్మ చూసి "సరే" అంది. నీడ ఆరిపోయింది.

పదో నీడకి ఎడమ మోకాలు కాస్త బరువు. చిన్నప్పుడు మేడమెట్ల మీంచి పడిందని కాగితంలో రాసుంది. నడకలోనూ ఉంది. "సరే."

విశాఖపట్నం కొండవాలున ఉన్న ఆ హాలుకి కిటికీలు లేవు. ఒకప్పుడు అక్కడ నిజమైన మైదానం ఉండేది. వరహాలమ్మ మొగుడు అప్పలసూరి ఇరవై ఆరేళ్లు ఆ పిచ్ మీద రోలరు లాగాడు. అతను పోయి ఏడేళ్లయింది. ఇప్పుడు అదే నేల మీద నీడలు ఆడుతున్నాయి.

పదకొండేళ్ల తర్వాత వచ్చే వన్డే ప్రపంచకప్పుకి మన ఆడపిల్లల జట్టులో ఎవరెవరుంటారో ఆ రోజు నాలుగింటికి చెప్పెయ్యాలి. దేశంలో పదకొండు వేలమంది పిల్లల కాళ్లకి కడియాలున్నాయి. వాళ్లు వేసిన ప్రతి అడుగూ ఇక్కడికి చేరుతుంది. ఆ అడుగుల్నే పెంచి పెద్దచేసి, పాతికేళ్ల మనిషి నీడని చేసి నిలబెడుతుంది గణని అనే యంత్రం. నడకసాక్షి వరహాలమ్మ కళ్లారా చూసి పదిహేనుమందికీ సరే అంటేనే జట్టు పట్టిక తెగుతుంది. అది తెగిందంటే, మిగతా కడియాలన్నీ సాయంత్రంలోగా కోసేస్తారు. కడియం లేని పిల్లకి ఏ మైదానం గేటూ తెరుచుకోదు, ఎవరూ బంతి వెయ్యరు. అందుకే మూడు కప్పుల నుంచీ గణని మాట ఒక్కసారీ తప్పలేదు.

"పిన్నిగారూ, ఆ చెప్పులు మార్చరా?" అన్నాడు త్రినాథ్. గణని చూసుకునేది అతనే. "మీరు నడుస్తుంటే నేల మీద చారలు పడుతున్నాయి. నీడలు తట్టుకుని పడిపోతాయేమో."

"నీ నీడలకి కాళ్లేవి, పడడానికి?"

అవి అప్పలసూరి చెప్పులు. ఆమె పాదం కన్నా మూడు వేళ్లంత పొడుగు. జారిపోకుండా అడుగడుక్కీ వేళ్లు బిగబట్టి నడవాలి. ఏడేళ్లుగా అలాగే నడుస్తోంది.

నాలుగు నీడలు గడిచాయి. పదిహేనోది వచ్చింది. బొడ్డేపల్లి హైమ, సోంపేట, ఎడమచేతి స్పిన్. ఇప్పుడు పద్నాలుగేళ్లు. నిలకడ అంకె నూటికి తొంభై తొమ్మిది.

పొడుగాటి మనిషి. నవ్వుముఖం. తాడు దగ్గర తల వంచింది, అక్కడ తల తగిలేంత ఎత్తులో ఏమీ లేకపోయినా. పరుగు మొదలుపెట్టింది. ఏడడుగులు. ఐదో అడుగు దగ్గర ఒక్క రవ్వ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ రెండు.

వరహాలమ్మ సరే అనలేదు.

"ఇంకోసారి నడిపించు బాబూ."

ఇంకోసారి నడిచింది. అదే తల వంచడం, అదే ఆగడం. ఆ నీడ కుడికాలి వేళ్లు నేలని బిగబట్టి పట్టుకుంటున్నాయి. తనది కానిదేదో జారిపోతుందని భయపడే కాలు అలా పట్టుకుంటుంది. వరహాలమ్మ వంగి తన పాదం చూసుకుంది.

"ఈ పిల్ల పాత అడుగులు తియ్యి. వేసవివి."

త్రినాథ్ తీశాడు. మే నెల హైమ గెంతుతోంది. పరుగు ఒకరోజు ఆరడుగులు, ఒకరోజు ఎనిమిది. ఒక రోజంతా అసలు మైదానానికే రాలేదు. జూన్ పంతొమ్మిది నుంచి ఒక్క రోజూ మానలేదు. ఒక్క అడుగూ తేడా రాలేదు.

"చూశారా, ఎలా కుదురుకుందో! దెబ్బల్లేవు, జ్వరాల్లేవు, ఇలాంటి నిలకడ నేనెప్పుడూ చూడలేదు" అన్నాడతను మురిసిపోతూ. "పదహారోది ఆదోని పిల్ల, షబానా. ఒక బంతి దేవుడు వేసినట్టుంటుంది, ఇంకోటి వికెట్ కీపర్ తల మీంచి పోతుంది. ఈవిడ ఉండగా ఆమెకెక్కడ చోటు?"

"టీ తాగొస్తాను" అని వరహాలమ్మ వరండాలోకి వెళ్లి, కాగితంలో ఉన్న సోంపేట నంబరుకి ఫోను చేసింది.

"ఎవులు?" అంది ఆడగొంతు.

"విశాఖపట్నం నుంచమ్మా. నడకసాక్షిని. హైమ వాళ్లమ్మవా?"

"అవునమ్మా. దాలమ్మని. పేరొచ్చిందా?"

"వచ్చింది. హైమకి ఇవ్వమ్మా, మాట్లాడతాను."

దూరంగా ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

"నేదమ్మా. తువ్వాలట్టుకుని బయటికెల్లింది."

"దాలమ్మా, నేను నా మొగుడి చెప్పులేసుకుని తిరుగుతున్నాను. ఆయన లేడు. వేళ్లు బిగబట్టుకోవాలి, లేకపోతే జారిపోతాయి. నువ్వూ కడియం జారిపోకుండా అలాగే బిగబట్టుకుంటున్నావు కదూ?"

దాలమ్మ గొంతు తగ్గించింది. "మూడు దినాల జెరమమ్మా. ఆస్పత్రిలో కాలు వాసిపోయిందని కడియం ఇప్పి నా సేతిలో ఎట్టారు. గంటలోగా మళ్లీ కట్టకపోతే పేరు కొట్టేత్తారని ముందే సెప్పున్నారు కదా. పిల్ల కళ్లు మూసేసరికి ముప్పావుగంటయింది. ఏటి సేత్ను? కట్టేసుకున్నాను."

వరహాలమ్మ గోడకి ఆనుకుంది.

"రోజూ తెల్లారి దాన్నాగే మైదానానికెల్తాను. ఏడడుగులు పరిగెడతాను. ఆరు ఓవర్లు. దాని పేరు పోకూడదని ఒక్కనాడూ మాన్నేదు. మీ కాడ అది బతికే ఉంది కదమ్మా? పెద్దదయిందా? ఎలగుంది?"

"పొడుగ్గా ఉంది" అంది వరహాలమ్మ. "నవ్వుతోంది. తాడు దగ్గర తల వంచుతోంది."

"మా గుమ్మం పొట్టిదమ్మా" అని దాలమ్మ ఏడ్చింది.

వరహాలమ్మ లోపలికి వచ్చేసరికి నాలుగింటికి పది నిమిషాలుంది. పదిహేనో నీడ గీత దగ్గర నిలబడి ఉంది. సరే అంటే, చనిపోయిన పిల్ల పదకొండేళ్లపాటు జట్టులో ఉంటుంది. సోంపేటలో ఆ తల్లి మోకాళ్లు అరిగేదాకా పరిగెత్తుతుంది. ఆదోనిలో షబానా కడియం ఈ సాయంత్రమే తెగిపోతుంది. కాదంటే షబానా వస్తుంది. కానీ సోంపేటకి మనిషిని పంపి, ఆ కడియం విప్పి, ఆ తల్లి చేతిలో పేరు కొట్టేసిన కాగితం పెట్టి వస్తారు. మిగిలిన వేలమంది పిల్లల కాళ్లూ ఎలాగూ బోసిపోతాయి.

"పదిహేనో నడకకి సాక్ష్యం?" అని అడిగింది గణని.

"పిన్నిగారూ, టైమైపోతోంది. సరే అనండి, అయిపోతుంది."

వరహాలమ్మ ఆ నీడ ముఖంలోకి చూసింది. పాతికేళ్లు ఎప్పటికీ రాని ముఖం అది.

"నాకు తెలియదు" అంది.

గణని ఆగింది. "పదిహేనో నడకకి సాక్ష్యం?"

"తెలియదు."

"అలా అనకూడదండీ!" త్రినాథ్ కుర్చీలోంచి లేచాడు. "సరే, కాదు, రెండే. మూడో మాట దానికి నేర్పలేదు!"

"నాకు తెలియకపోతే ఏమనను బాబూ? పదకొండేళ్ల తర్వాత సంగతి ఎవరికి తెలుసు? నీకు తెలుసా?"

"పట్టిక తెగదు. ఒక్క కడియం కూడా కొయ్యడానికి ఉండదు."

"ఉండనీ. వాళ్ల కాళ్లకి బరువా?"

గణని మూడోసారి అడిగింది. మూడోసారీ అదే విన్నది. అప్పుడు హాల్లో దీపాలన్నీ వెలిగాయి. సాక్ష్యం చాలనప్పుడు అది మొదటికి వస్తుంది, పాత లెక్కలు వదిలేసి ఆ క్షణాన దేశంలో పడుతున్న అడుగుల్ని తీసుకుంటుంది. అలా జరగడం త్రినాథ్ ఎన్నడూ చూడలేదు. నేలంతా నీడలు నిండిపోయాయి. గెంతేవి, కుంటేవి, ఒకదాన్నొకటి తోసుకునేవి. నిలకడ అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక నీడ తాడుని అడ్డంగా దూకింది. షబానా అయ్యుంటుంది.

వరహాలమ్మ ఫోను మోగింది.

"కడియం తీసేత్తారామ్మా?" అంది దాలమ్మ. ఆయాసపడుతోంది.

"లేదు. నీ దగ్గరే ఉంటుంది. ఎక్కడున్నావు?"

"మైదానంలో. సాయంత్రం కూడా బంతులేద్దామని వచ్చాను. రెండోవరు."

"చాలు దాలమ్మా. ఇంక ఎవరూ లెక్కపెట్టట్లేదు. కూర్చో."

హాలు మధ్యలో, అన్ని వేల నీడల నడుమ, పొడుగాటి నవ్వుముఖం నీడ పరుగు మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో అడుగు దగ్గర ఆగింది.

త్రినాథ్ తెర వైపు వంగి, ఆరో అడుగు కోసం చూస్తున్నాడు.

నీడ పిచ్ మీద నెమ్మదిగా కూలబడింది. మోకాళ్లు దగ్గరికి లాక్కుని, తల వాటి మీద పెట్టుకుంది. తక్కిన పిల్లల నీడలు ఆమెని తప్పుకుంటూ, చుట్టూ పరిగెత్తసాగాయి.