నూట ఎనభై ఏడో ట్యాగ్

మంగళవారం పొద్దున అరికె చనిపోయాడు.

పరాయి దేశపు రేవు పట్టణంలో, ఒక టీ కొట్టు ముందు, సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో రెండే రెండు గుళ్లు. అరికె అసలు పేరు గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో ఒకాయన బుధవారం మధ్యాహ్నం జహీరాబాద్ బస్టాండు పక్కన, ఖాకీ చొక్కా తొడుక్కుని, షేర్ ఆటో డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు.

"ఝరాసంగం ఎన్నింటికి పోతది?" అంది తస్లీమా.

"మబ్బు పట్టినా పోతది, పట్టకున్నా పోతది."

కోడ్ సరిపోయింది. ఆమె ఎక్కి కూర్చుంది. ఆటో కదిలింది.

"అరికె పోయిండు," అన్నాడు చీఫ్ రేవణసిద్ధప్ప, అద్దంలోంచి చూస్తూ. "రేపు మూడు గంటలకు కొర్ర వంతు."

తస్లీమా సీటు కడ్డీని గట్టిగా పట్టుకుంది. కొర్ర అంటే ఫిరోజ్. ఆమె భర్త.

తస్లీమా నడిపేది లోకానికి ఝరాసంగం చుట్టుపక్కల ఆడవాళ్ల చిరుధాన్యాల సంఘం వెబ్‌సైట్. డిపార్ట్‌మెంట్‌కు మాత్రం అది పరాయి దేశాల్లో ఉన్న తొమ్మిది మంది ఏజెంట్ల నాడి. ఒక్కొక్కరికి ఒక్కో ధాన్యం పేరు. వారానికోసారి, చెప్పిన రోజు చెప్పిన గంటకు, ఎవరి ధాన్యం పేజీని వాళ్లు తెరవాలి. పేజీని ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి తెరిచారో లెక్కపెట్టే చిన్న కోడ్ ముక్క లోపల దాగి ఉంటుంది. దాన్నే ట్యాగ్ అంటారు. తస్లీమా స్క్రీన్ మీద 'ఒకటి' అని కనిపిస్తే మనిషి బతికున్నట్టు. అంతే. ఫోన్ లేదు, ఉత్తరం లేదు. ఇటునుంచి అటు ఒక్క మాట పోయే దారి లేదు.

ఆ పాత ట్యాగ్‌ల సిస్టమ్‌ను తయారుచేసినవాళ్లే ఆపేస్తున్నారు. కొత్తదానికి మారాలి. డిపార్ట్‌మెంట్ ఇంజినీర్లు చెయ్యి పెడితే ఎవరైనా పసిగడతారని, మామూలు వెబ్‌సైట్‌ను మామూలు కంపెనీయే మార్చాలని పై వాళ్లు బయటి వెండర్‌కు అప్పగించారు. నాలుగు నెలలుగా తస్లీమా నరకం చూస్తోంది.

"రెండు గురువారాలు కొర్ర పేజీ సున్నా చూపించింది సర్. వెండర్‌ను అడిగితే..."

"రేపు కూడా సున్నా వస్తే ఫైల్ మూస్తరు. వాన్ని తెచ్చే పడవ పోదు. ఆ రూల్ నేను రాయలే."

"మరి అరికె ఎట్ల దొరికిండు?"

"మొదటి విడతల అరికె పేజీ ఒక్కటే కొత్త సిస్టమ్‌కు మారింది. మారిన మూడో రోజుకే చంపిన్రు. వెండర్ షీట్‌ల రెండొందల పద్నాలుగు ట్యాగ్‌లున్నయ్. ఒకటి దొంగది. మనం చూసేదే చంపినోళ్లకు గుడ అందిస్తున్నది. రేపు మిగిలిన పేజీలన్నీ మారుతయ్. పబ్లిష్ చేస్తే కొర్ర వాళ్ల కండ్లల్ల పడతడు. చెయ్యకపోతే పాతది ఆగిపోతది, మనకు కనబడడు."

"ఆ దొంగది ఏదో..."

ఆటో ఆగింది. ఉల్లిగడ్డల సంచితో ఒకామె అడ్డం నిలబడింది.

"న్యాల్‌కల్ పోతదా?"

"పోదక్కా. ఇది ఝరాసంగం ఆటో."

"గట్లనా? అయితే మా చెల్లెను చూసొస్త." ఎక్కి కూర్చుంది.

వేషం వేషమే. చీఫ్ గేరు వేసి ఆటో పోనిచ్చాడు. ఊరు దాటాక సంఘం ఆఫీసు ముందు తస్లీమా దిగుతుంటే, ఇంజన్ చప్పుడు చాటున మాత్రం అన్నాడు: "వెండర్ లోపల మన మనిషి ఉన్నది. శ్రుతి. రేపొస్తది. నమ్ము."

ఆ సాయంత్రమంతా తస్లీమా వెండర్‌కు ఫోన్లు చేసింది. వాళ్ల టెక్నీషియన్ సచిన్ ఎప్పటిలాగే నూతిలోంచి మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నోటెడ్ మేడమ్."

"నోట్ చేసుకునుడు కాదు సచిన్. మార్చే హక్కు నాకియ్యి. నేనే చూసుకుంట."

"యాక్సెస్ కావాలంటే రిక్వెస్ట్ టిక్కెట్ పెట్టాలి మేడమ్. నలభై ఎనిమిది పని గంటలు."

"పోయిన నెల పెట్టిన టిక్కెట్ ఏమైంది?"

"అది క్లోజ్ అయింది మేడమ్. మీరు రెస్పాండ్ కాలేదని."

"కొర్ర పేజీ సున్నా ఎందుకు చూపిస్తున్నది?"

"ట్యాగ్ ప్రాబ్లమో, విజిటరే రాలేదో చెక్ చేయాలి మేడమ్."

విజిటరే రాలేదో! తస్లీమా ఫోన్ పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె టేబుల్ మీద మూత తీయని నీళ్ల బాటిల్ ఒకటుంది. రెండేళ్ల కిందటిది. బీదర్ బస్సు కిటికీలోంచి ఫిరోజ్ "జర నీళ్లు తెస్తవా?" అన్నాడు. ఆమె బాటిల్ కొని వెనక్కి తిరిగేసరికి బస్సు లేదు. పోయేటప్పుడు తన మొహం చూడలేకే అట్లా పంపాడని ఆమెకు తర్వాత తట్టింది. తట్టినప్పటినుంచి కోపం పోలేదు, బాటిల్‌నూ పారేయలేదు.

గురువారం రెండుంబావుకు శ్రుతి కారు దిగింది. నల్ల కళ్లద్దాలు, పట్టులాంటి జుట్టు, గదంతా పరుచుకునే సెంటు. విత్తనాల గదిలో సజ్జలు కొలుస్తున్న మహాదేవమ్మ ఒకసారి తుమ్మింది. సంఘంలో ముప్పై ఏళ్లుగా విత్తనం కాపాడుతున్నది ఆమే. డిపార్ట్‌మెంట్ సంగతి సంఘంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

"దొంగది దొరికింది," అంది శ్రుతి తలుపు వేస్తూ. "సచిన్ పని. తొంభై ఒకటో ట్యాగ్. తీసేశాను. రెండు యాభై ఐదుకు పబ్లిష్ చేద్దాం."

తస్లీమా ఊపిరి పీల్చుకోబోయి ఆగింది. రెండు గురువారాల సున్నా ఆమెను ఎవరినీ నమ్మని మనిషిని చేసింది.

"షీట్ ఒకసారి చూస్తా."

"నేను చూశాను కదా తస్లీమా గారూ."

"నేను చూడలే కదా."

శ్రుతి నవ్వి లాప్‌టాప్ తిప్పింది. తస్లీమా ఒక్కో వరుసా పైకే చదివింది. ట్యాగ్ పేరు, పేజీ, పని, అడిగిన వారు, రాసిన వారు. నూట పది. నూట యాభై. గడియారం రెండు నలభై ఎనిమిది. మహాదేవమ్మ శేరుతో సజ్జలు కొలుస్తూనే ఉంది.

"నూట ఎనభై ఏడు. కొనుగోలు ట్యాగ్. అన్ని పేజీలు. విత్తనం కొన్నవాళ్ల వివరాలు పంపడానికి. అడిగిన వారు: మహాదేవమ్మ."

శేరు చప్పుడు ఆగింది.

"ఎవరడిగిన్రు?"

"నువ్వే అడిగినవని రాసుంది అమ్మా."

"నేనా?" మహాదేవమ్మ లేచి నిలబడింది. "ఇత్తనం కొనేదెక్కడిది బిడ్డా? మేం ఇత్తనం అమ్మం. ఒక శేరు తీస్కపోయినామె పంటొచ్చినంక రెండు శేర్లు తెచ్చి పోస్తది. నా అత్త అమ్మలే, నేనమ్మలే. అమ్ముతమన్న మాట నా నోట్ల కెల్లి వస్తదా? ఎవర్రా నా పేరు రాసింది?"

ఏ వెబ్‌సైట్‌కైనా కొనుగోలు ట్యాగ్ ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు. ఈ ఒక్క సంఘంలో తప్ప. వరుస చివర, సిస్టమ్ తనంతట తానే నింపే రాసినవారి గడిలో రెండు అక్షరాలు. శ్రుతి.

"తెలివిగల ముసల్ది," అంది శ్రుతి. నవ్వు మొహం మీద అట్లాగే ఉంది, గొంతు మాత్రం మారింది. ఒక చేత్తో లాప్‌టాప్ లాక్కుని పబ్లిష్ నొక్కింది. రెండో చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది.

తస్లీమా మహాదేవమ్మ చేతిలోని శేరు అడుగు పట్టి తిప్పింది. అడుగున డిపార్ట్‌మెంట్ దాచిపెట్టిన జామర్. యాభై అడుగుల మేర ఫోన్ నెట్‌వర్క్ చచ్చిపోతుంది. మూడు నిమిషాలే. మంచి బ్యాటరీ కావాలని రాస్తే డిపార్ట్‌మెంట్ కూడా టిక్కెట్ పెట్టమంది.

ఫోన్ ఇంటర్నెట్ మీద నడుస్తున్న లాప్‌టాప్‌లో చక్రం తిరుగుతూ ఉండిపోయింది.

బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ బయటికొచ్చింది. దాని మూతికి సన్నటి రంధ్రం. అది తస్లీమా వైపు తిరిగేలోపే ఇత్తడి శేరు శ్రుతి మణికట్టు మీద పడింది. గుండు పైకప్పు రేకులోంచి పోయింది.

"నా పేరు రాస్తవా? నా పేరు!" మహాదేవమ్మ ఆమెను జొన్న బస్తాల మధ్యకు నెట్టి, మీద తాను కూర్చుంది.

రెండు యాభై ఏడు. తస్లీమా పబ్లిష్ రద్దు చేసి, గోడలోని ఇంటర్నెట్ తీగను లాప్‌టాప్‌కు గుచ్చింది. నూట ఎనభై ఏడో వరుస. డిలీట్. 'నిజంగా తీసేయాలా?' అని అడిగింది సిస్టమ్. నిజంగానే. 'కారణం రాయండి' అంది. 'మేం అమ్మం' అని రాసింది. పబ్లిష్.

రెండు యాభై తొమ్మిది, యాభై సెకన్లు. పచ్చ గుర్తు వెలిగింది.

మూడు గంటలు. కొర్ర పేజీ: సున్నా.

మూడూ నాలుగు. సున్నా. తలుపు బయట చీఫ్ ఆటో ఆగింది. ఆయన లోపలికొచ్చి శ్రుతిని చూశాడు, తల దించుకున్నాడు. ఆమెను నమ్మమన్నది తనే.

మూడూ ఎనిమిది. సున్నా. తస్లీమా నీళ్ల బాటిల్‌ను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

"పడవ వాళ్లు అడుగుతున్నరు," అన్నాడు చీఫ్ మెల్లగా.

"కొత్త సిస్టమ్‌ల లెక్క ఆలస్యంగ వస్తది సర్. సచినే చెప్పిండు. వాడు చెప్పిన దాంట్ల ఒక్కటన్న నిజం కాకపోతదా?"

మూడూ పదకొండు.

ఒకటి.

తస్లీమా ఆ అంకెను వేలితో తాకింది. మహాదేవమ్మ బస్తాల మీదినుంచే అడిగింది: "వచ్చిండా?"

"వచ్చిండమ్మా."

చీఫ్ ఫోన్‌లో ఒకే మాట అన్నాడు: "పోనియ్."

అప్పుడే లాప్‌టాప్ టింగుమంది. వెండర్ కంపెనీ మెయిల్. 'మీ టిక్కెట్ పరిష్కారమైంది. మా సేవకు ఐదులో ఎన్ని మార్కులు వేస్తారు?'

తస్లీమా కళ్లు తుడుచుకుంది. ఈ లోకంలో తనకు అంతకంటే ఇష్టమైన అంకె లేదు. ఒకటి నొక్కింది.