శనివారానికి స్వయంభువు

నంద్యాల ఊరి చివర ప్రశాంతి కాలనీ అని ఒకటుంది. పేరు పెట్టిన రోజుల్లో చుట్టూ జొన్నచేలు తప్ప ఏమీ లేవు కాబట్టి ఆ పేరు అబద్ధం కాదు. ప్లాట్లు అమ్మినప్పుడు కాలనీ పక్కన పార్కు అని చూపించిన ఖాళీ స్థలంలో, ఈమధ్య ఒక కాంట్రాక్టరు బోర్డు పాతాడు. ఏసీ ఫంక్షన్ హాలు, రెండు వేల మందికి. ఆ రెండు వేల మంది బండ్లు ఎక్కడ పెడతారని అడిగితే, మీ వీధులున్నాయి కదా అన్నాడు. పాపం, దాపరికం లేని మనిషి.

కాలనీ సంఘం ప్రెసిడెంటు శేషయ్య రైల్వేలో టీసీగా రిటైరయ్యాడు. అర్జీలు పట్టుకుని తిరగని ఆఫీసు లేదు. ప్రతి ఆఫీసరూ కుర్చీ వేసి, టీ ఇచ్చి, చూస్తామన్నాడు. ఏడాదిగా చూస్తూనే ఉన్నారు. చివరికి శేషయ్యకు జ్ఞానోదయమైంది. మన దేశంలో జేసీబీని ఆపేది అర్జీ కాదు, ఆంజనేయుడు. ఆ స్థలంలో స్వామి వెలిస్తే తవ్వేవాడెవడు?

కాకపోతే స్వామి తనంతట తాను వెలవాలంటే ముందు ఆర్డరివ్వాలి. ఆ పని కూతురు నాగజ్యోతి మీద పడింది. ఆమె జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఇది అబద్ధం కదా నాయనా అంది. కాదు, ఉద్యమం అన్నాడు శేషయ్య. ఆమె శిల్పులుండే ఆళ్లగడ్డకు బస్సెక్కింది.

రోడ్డు పక్క షెడ్డులో మనోజ్ అనే శిల్పి రాయి చెక్కుతున్నాడు. జుట్టు మీద, మీసం మీద రాతిపొడి.

"అన్నా, ఒక ఆంజనేయస్వామి కావల్ల. అడుగు ఎత్తు చాలు. చూస్తే పాతదిగా ఉండల్ల."

"ఎంత పాతది?"

"రాయలకాలం నాటిది."

"ఎప్పటికి?"

"శనివారానికి."

మనోజ్ ఉలి పక్కన పెట్టి ఆమెను నిదానంగా చూశాడు. "ఐదొందల ఏండ్లు శనివారానికల్లా అంటే, రేటు ఎక్కువైతాది మేడం."

మా సీమలో ప్రేమకథలన్నీ 'అన్నా'తోనే మొదలవుతాయి. దాన్ని వదిలించుకునేసరికే సగం వయసు అయిపోతుంది.

షెడ్డులో రెండు రాతి ఏనుగులు తొండాలెత్తి నిలబడి ఉన్నాయి. ఎవరికని అడిగితే, నంద్యాలలో కొత్తగా కట్టే ఫంక్షన్ హాలు గేటుకని చెప్పాడు. జ్యోతి మొహం ఎర్రబడింది.

"మా గొంతు కోసేటోళ్లకు ఏనుగులు చెక్కుతాండావా?"

"ఏనుగులకు వాళ్లెవరో తెల్దు మేడం. ఇంతసేపూ నాకూ తెల్దు."

తండ్రి గురవయ్యకు చేతులు వణకడం మొదలయ్యాక మనోజ్‌కు వచ్చిన పెద్ద పని ఆ ఏనుగులే. అయినా ఆంజనేయుణ్ణి చేస్తానన్నాడు. ఒక్కటే షరతు, కళ్లు చెక్కడు. విగ్రహానికి కళ్లు తెరవడం ప్రతిష్ఠ నాడు శిల్పి చేసే ఆఖరి పని. "పూజకని అడిగింటే తెరిచేవాణ్ణి. జేసీబీ కోసం తెరవను" అన్నాడు.

ఆ వారమంతా వాట్సాప్‌లో స్వామి ఫోటోలు వచ్చాయి. ముక్కు లావుగా ఉందని జ్యోతి పెట్టింది. తగ్గిస్తా, మళ్లీ పెంచమంటే నా వల్ల కాదని అతను పెట్టాడు. స్వామి ఎట్లున్నాడని మొదలైన పలకరింపు, మీరెట్లున్నారు మీదుగా, తిన్నారా దాకా వచ్చింది. భక్తి అంటే అంతే, మెల్లగా ముదురుతుంది.

అతనే గోనెసంచిలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. నంద్యాల ఎండకు కుక్కలు కూడా బయటికి రాని మధ్యాహ్నం వేళ శేషయ్య స్వామిని పూడ్చాడు. శనివారం పొద్దున కాలనీవాళ్లు మొక్క నాటుతామంటూ గుంత తవ్వి, ఎంతో ఆశ్చర్యపోయారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు. ఊరు ఊరంతా దిగింది.

కాంట్రాక్టరు వచ్చాడు. మొహం పాలిపోతుందని అందరూ ఎదురుచూశారు. ఆయన చెప్పులు విడిచి, సాష్టాంగపడి, వీడియో తీస్తున్న ఫోన్లవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. స్వామికి గుడి కట్టిస్తానన్నాడు, హాలు ముందరే. స్వయంభువు సన్నిధిలో పెళ్లిళ్లంటే జనం ఆగరని, హాలు నాలుగు వేల మందికి పెంచుతున్నానని అక్కడికక్కడే ప్రకటించాడు. శేషయ్య చేతిలో కొబ్బరికాయ జారిపోయింది.

స్వామికి కళ్లు లేవేమని ఎవరో అన్నారు. దానికేం భాగ్యం, ఆళ్లగడ్డలో మన ఏనుగుల శిల్పి ఉన్నాడని కాంట్రాక్టరు ఫోన్ చేశాడు.

మనోజ్ వచ్చి విగ్రహం ముందు కూర్చున్నాడు. తెరువు, గుడి పని కూడా నీకేనని కాంట్రాక్టరు చెవిలో చెప్పాడు. ఉలి చేతిలోనే ఉంది, కదలడం లేదు. జ్యోతి తండ్రివైపు చూసింది. నోరెత్తొద్దమ్మా అని ఆయన కళ్లతోనే బతిమాలుతున్నాడు. ఎత్తకపోతే పార్కు పోతుంది. ఎత్తితే నాయన పరువు పోతుంది. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఆ స్వామి భూమిలోంచి రాలేదు" అంది. "నేనే ఆళ్లగడ్డలో చేయించినా. మా నాయన పూడ్చినాడు. ఇది పార్కు స్థలమని ఏడాదిగా నిజం చెప్తే ఎవురూ ఇన్లేదు. అందుకే అబద్ధం చెప్పినాం."

పిల్లకు మతి చెడిందని కాంట్రాక్టరు నవ్వాడు. మనోజ్ ఉలిని సంచిలో పెట్టుకున్నాడు.

"నా చేతి పనే సార్. ఏనుగులకు వేరే మనిషిని చూసుకోండి."

సాయంత్రానికి ఆ వీడియో జిల్లా అంతా చూసింది. పార్కు కోసం ఏడాదిగా రాని ఆఫీసర్లు దొంగ దేవుడి కోసం పరిగెత్తుకొచ్చారు. ఎక్కడ పూడ్చారో కొలుస్తూ కొలుస్తూ, అది పార్కు స్థలమని తామే కనిపెట్టి చాలా బాధపడ్డారు. పని ఆగింది, బోర్డు పోయింది. కాలనీ సంబరపడింది కానీ, శేషయ్య ఎదురైతే మొహం తిప్పుకుని నవ్వింది. ఆయన కూతురితో మాట మానేశాడు. కూరలో ఉప్పు ఎక్కువైతే గోడకు చెప్పేవాడు.

జ్యోతి మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లింది. వాన. షెడ్డు రేకుల మీద చప్పుడుకు మాట వినపడక, ఇద్దరూ దగ్గరగా నిలబడాల్సి వచ్చింది. వానకు థ్యాంక్స్ చెప్పాలి.

"నా వల్ల నీ పని పాయె. క్షమించు" అంది.

"దానికి ఇంత దూరమా? ఫోన్ లేదా?"

"ఫోన్లో అయితే నీ మొగం కనపడదు."

అతను మీసం మీది రాతిపొడి తుడుచుకున్నాడు. "ఈరోజు అన్నా అనలేదు నువ్వు."

"అనల్లనా?"

"వద్దు" అన్నాడు మనోజ్. "ఇంగెప్పుడూ వద్దు."

ఆ ఆదివారం అతను తలంటుకుని, గురవయ్యను వెంటబెట్టుకుని శేషయ్య ఇంటికి వచ్చాడు. శేషయ్య కూర్చోమనలేదు.

"నా కూతురు నలుగుర్లో నా పరువు తీసింది. చూసినావు గదా?"

"చూసినా సార్."

"రేపు నువ్వు అబద్ధం చెప్తే నీదీ తీస్తాది."

"తీస్తాది" అన్నాడు మనోజ్. "అందుకే మీ అమ్మాయిని అడగడానికొచ్చినా."

శేషయ్య కుర్చీ గురవయ్యవైపు జరిపాడు. తర్వాత, ఇన్నాళ్లూ మాట్లాడిన గోడను వదిలి, వంటింటివైపు తిరిగాడు.

"జ్యోతీ, కాఫీ పెట్టమ్మా. వాళ్లతోపాటు మనిద్దరికీ పెట్టు."