తోడికోడళ్లు తెరిచిన కాంప్లెక్సు

“ఆ కాంప్లెక్సు గడప తొక్కినావా, లేదా? చెప్పవే!”

మొగుడు సురేంద్రబాబు చెయ్యి విసురుగా వచ్చి రాధిక చెంప మీద పడింది. ఆమె చేతిలోని గిన్నె ఎగిరి గోడకు తగిలింది. వంటింటి నిండా వేడిపాలు! పెదవి చిట్లి నెత్తురు నోట్లోకి ఉప్పగా దిగుతున్నా, పొయ్యిగట్టు పట్టుకుని నిలబడింది రాధిక.

“తొక్కినాను. పదిరోజుల్నించీ పోతానే ఉండాను. రూబీ, నేను కలిసి కింద అంతస్తంతా కడిగినాము...”

రూబీ అతని తమ్ముడు ఆనందకుమార్ భార్య. తొమ్మిదేళ్లుగా ఈ ఇంట్లో ఎత్తకూడని పేరు అది! రెండో దెబ్బకు రాధిక కూలబడిపోయింది.

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మామగారు పెంచలనరసింహం కట్టించిన మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు అది. ఒకప్పుడు వింజమూరు నుంచి, వరికుంటపాడు నుంచి పెళ్లిబట్టలకు జనం అక్కడికే వచ్చేవాళ్లు. ఆయన పోయిన నెలకే, రోడ్డు వైపు షాపులు ఎవరివన్న గొడవలో అన్నదమ్ములు నడిబజారులో కలబడ్డారు. తమ్ముడు అన్న నుదురు పగలగొట్టాడు. అన్న తమ్ముడి మోకాలు విరగ్గొట్టాడు. “నాకు లేనిది నీకూ వద్దు” అంటూ ఇద్దరూ పోటీపడి తాళాలు వేశారు. అద్దెకున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అద్దాలు పగిలాయి. మెట్ల కింద తాగుబోతులు చేరారు. నిలువెత్తు సిరి నడిఊళ్లో పాడుబడిపోయింది!

రాధిక అన్నీ ఓర్చుకుంది. కానీ రెండు వారాల కిందట తన పదేళ్ల కూతురు అన్నం తింటూ, “చిన్నాయన చచ్చిపోతే మనకి బాగుంటుంది కదమ్మా?” అన్నప్పుడు మాత్రం ఆమె గుండె ఆగినంత పనైంది. ఆ రోజే చీరకొంగు నడుముకు చుట్టుకుని తోడికోడలి ఇంటికి నడిచింది. రూబీ గుమ్మంలోనే ఆమెను కావలించుకుని ఏడ్చింది. “నువ్వు ఎప్పుడొస్తావా అని ఎదురు చూస్తానే ఉండానక్కా!”

ఆ స్థలం అత్తగారు కోటమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. కాంప్లెక్సు తెరుస్తామని కోడళ్లిద్దరూ వెళ్లి అడిగితే ఆ ముసలమ్మ, “తెరిస్తే నా బిడ్డలు ఆ గడపలోనే ఒకరినొకరు పొడుచుకుంటారమ్మా...” అంటూనే సరేనంది.

రాధిక దెబ్బలు తిన్న మర్నాడే, గురువారం ఉదయం, షాపులు అద్దెకు తీసుకున్న పదకొండు మంది ఆడవాళ్లు కాంప్లెక్సు ముందు దిగారు. రూబీ పుట్టిన ఊరు ఉదయగిరి నుంచి చెక్క గరిటెలు చేసేవాళ్లు, కుట్టుమిషన్లతో టైలర్లు... రూబీ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. వాచిన చెంపతోనే రాధిక కొబ్బరికాయ కొట్టింది. తొమ్మిదేళ్ల తుప్పుతో షట్టరు కిర్రుమంటూ పైకి లేచింది!

అంతలోనే గడ్డపారతో సురేంద్రబాబు వచ్చాడు. “ఎవరే మిమ్మల్ని తెరవమనింది!” మొదటి దెబ్బకు షోకేసు అద్దం భళ్లున పగిలింది. రెండో దెబ్బకు కుట్టుమిషను ఒరిగిపోయింది. గరిటెల మూటలు చిందరవందరయ్యాయి. ఆడవాళ్లు కేకలు వేస్తూ గోడకు అతుక్కుపోయారు. గొడవ విని కుంటుతూ ఆనందకుమార్ వచ్చాడు. అతని చేతిలో మచ్చుకత్తి!

“నా పెళ్లాం మీదికి గడ్డపార ఎత్తుతావంట్రా! ఈ రోజు నీ తల తీస్తా!”

“రారా! రెండో కాలు కూడా ఇరగ్గొడతా!”

కత్తి గాలిలో లేచి అన్న భుజాన్ని చీల్చింది. నెత్తురు చిమ్మింది! సురేంద్రబాబు పిచ్చెత్తినట్టు గడ్డపార ఎత్తి తమ్ముడి తల మీదికి విసిరాడు... ఆ మధ్యకు రాధిక ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. గడ్డపార ఆమె మెడపక్క దిగింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది!

“వదినా!” అని కత్తి పారేసి ఆమెను రెండు చేతులతో ఎత్తుకున్నది... ఆనందకుమారే. కట్టుకున్నవాడు కొయ్యబారిపోయి అక్కడే నిలబడ్డాడు.

ఆసుపత్రిలో రాధిక కళ్లు తెరిచేసరికి మంచం పక్కన పోలీసు ఇన్‌స్పెక్టరు కాగితాలతో నిలబడి ఉన్నాడు. కోటమ్మ చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది. “మెట్ల మీంచి పడ్డానని చెప్పు తల్లీ... వాడు జైలుకు పోతాడు...”

రాధిక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనుషుల కోసం ఎన్నిసార్లు మెట్ల మీంచి పడాలి!

“నన్ను కొట్టింది నా మొగుడే సార్. గడ్డపారతో కొట్టినాడు. మా మరిది కత్తి తెచ్చినాడు. ఇద్దరి పేర్లూ రాసుకోండి.”

గుమ్మంలో నిలబడ్డ సురేంద్రబాబు తలెత్తలేదు. “నిజమే సార్, నేనే కొట్టినాను...” అన్నాడు.

పోలీసులు అన్నదమ్ములిద్దర్నీ తీసుకుపోయాక కోటమ్మ కోడలి పాదాల దగ్గర కూలబడి భోరున ఏడ్చింది. “ఇన్నేళ్లూ నా కొడుకుల్ని కాపాడుకుంటా ఉండాననుకున్నానే... వాళ్ల కోపాన్ని కాపాడినాను తల్లీ! నీ ఒళ్లు పగిలిందాకా నాకు కళ్లు తెరుచుకోలా!”

మర్నాడు ఆ డెబ్బై ఏళ్ల ముసలమ్మే రూబీని వెంటబెట్టుకుని వెళ్లి పగిలిన గాజు ఊడ్పించింది. పదకొండు షాపులూ తెరిపించింది.

నెల తిరిగాక బెయిలు మీద వచ్చిన సురేంద్రబాబు కాంప్లెక్సు మెట్ల దగ్గర ఆగిపోయాడు. లోపల, భుజానికి కట్టుతో రాధిక కూర్చుని ఉంది. కుట్టుమిషన్ల చప్పుడు, బేరాల గోల...

“రాధికా... నన్ను క్షమిస్తావా?”

రాధిక తలెత్తి చూసింది. క్షమించానంటే అబద్ధం అవుతుంది.

“ఇంటికి రమ్మని మాత్రం అడగబాకండి. నేను, బిడ్డ అత్తమ్మ దగ్గర ఉంటాము. పైఅంతస్తు ఇంకా ఊడవలా. చీపురు ఆడుండాది.”

అతను చీపురు తీసుకుని పైకెక్కాడు. అక్కడ, రెండు రోజుల ముందే బెయిలు మీద వచ్చిన ఆనందకుమార్ అప్పటికే ఊడుస్తున్నాడు!

కింద అందరి చేతులూ ఆగిపోయాయి. రూబీ భయంగా రాధిక చెయ్యి పట్టుకుంది. ఏ క్షణాన కేక వినిపిస్తుందోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు... కేక రాలేదు. మాట కూడా రాలేదు. కాసేపటికి, ఒకదాని వెంట ఒకటిగా, రెండు చీపుళ్ల చప్పుడు మాత్రం వినిపించింది.

“ఈ గరిటె ఎంతమ్మా?” అని ఎవరో అడిగారు. రాధిక కళ్లు తుడుచుకుని అటు తిరిగింది.